దారిలో తోడు: దూరప్రయాణములు చేయు కుటుంబములకు ఒక విన్నపము

(సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మనము సాధారణముగ తెలుగు బడులను గూర్చియు, పాఠ్యపుస్తకములను గూర్చియు, జనాభా లెక్కలలో మన మాతృభాష సరిగా నమోదగుటను గూర్చియు మాటలాడుకొనుచుందుము. నేడు మేము ఎత్తుకొన్న విషయము వాని ముందు చిన్నదిగా తోచవచ్చును. దూరప్రయాణమున, ఊరుగాని ఊరిలో, అర్ధరాత్రి వేళ బండి నిలిచిపోయినచో మనకు తోడెవ్వరు? ఆ తోడును ఇల్లు కదలకముందే ఏర్పరచుకొనుట ఎట్లు? ఇదియే మా ప్రశ్న. దీనికి సమాధానము గలదు. కాని మనలో చాలమంది దానిని తెలిసికొనలేదు. తెలియకపోవుటచేత డబ్బు పోవుచున్నది. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవుచున్నది.

షోలాపురమున స్థిరపడిన తెలుగువారికి రోడ్డు ప్రయాణము విలాసము గాదు. మన తాతముత్తాతలు మగ్గము పనిని నమ్ముకొని తెలంగాణపు పల్లెలనుండి ఇచటికి వచ్చిరి. తరములు గడచినను చుట్టరికములు తెగలేదు. పిల్లనిచ్చినది సిద్దిపేటలో, కోడలిని తెచ్చుకొన్నది కరీంనగరములో, మొక్కు చెల్లింపవలసినది వేములవాడలోనో తిరుపతిలోనో, దుప్పట్లు, తువ్వాళ్ళు అమ్ముడుపోవునది హైదరాబాదు బేగంబజారులో. వెనుకటివారు రైలునకో బస్సునకో పోయెడివారు. నేడు ఇంటింట కారు లేకున్నను వీధికి నాలుగైదు గలవు. పెండ్లికి, పేరంటమునకు బాడుగ బండి మాటలాడుకొనుట పరిపాటియైనది. కావున ఈ విషయము కలవారికి మాత్రమే సంబంధించినదని ఎవ్వరును తలపరాదు.

మనము తరచుగ పోవు దారినే ఉదాహరణముగ దీసికొందము. పూణె నుండి షోలాపురము, హైదరాబాదు, విజయవాడల మీదుగ మచిలీపట్టణము చేరు ఈ దారిని పూర్వము తొమ్మిదవ నెంబరు జాతీయ రహదారి యనెడివారు. 2010 లో రహదారుల సంఖ్యలు మార్చిన పిమ్మట ఇది 65వ నెంబరైనది. ఇచటినుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. నల్‌దుర్గము, ఉమర్గా దాటువరకు మహారాష్ట్రము. హుమ్నాబాదు వద్ద కర్ణాటకము. జహీరాబాదు వచ్చుసరికి తెలంగాణము. ఒక్క పూట ప్రయాణమున మూడు రాష్ట్రములు, మూడు లిపులు, మూడు పోలీసు శాఖలు. బండి సవ్యముగ నడచుచున్నంతవరకు ఈ హద్దులు మనకు కానరావు. అది నిలిచిన మరుక్షణమే ఎవరిని పిలువవలెను, ఏ భాషలో చెప్పవలెను, మనమున్న చోటు ఎవరి హద్దులోనిది అను ప్రశ్నలన్నియు ఒక్కసారిగ మీదపడును.

వెనుకటి బండ్లవాండ్రు ఈ సంగతిని మనకంటె బాగుగ నెరుగుదురు. వారు ఒంటరిగ బయలుదేరెడివారు గారు. పది పదిహేను బండ్లు కలిసి నడచెడివి. ఒకదాని ఇరుసు విరిగినచో తక్కినవి ఆగెడివి. కందెన గొట్టము బండి క్రింద వ్రేలాడుచుండెడిది. చీలలు, త్రాళ్ళు, బాడిస వెంట నుండెడివి. దారిపొడవున ధర్మాత్ములు కట్టించిన సత్రములు, చలివేంద్రములు ఉండెడివి. అనగా తోడు, సామగ్రి, దారిలో ఆశ్రయము అను మూడును ప్రయాణములో భాగములుగనే యెంచబడెడివి. నేడు బండి వేగము పెరిగినది. దానితోపాటు ఒంటరితనమును పెరిగినది. గంటకు నూరు కిలోమీటర్ల వేగమున పోవువారు మన కొరకు ఆగరు. ఆగుట వారికిని క్షేమము గాదు. ఆ పాత తోడునకు మారుగ ఏర్పడినదే నేడు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అని పిలువబడు దారి సహాయము.

ఇది నిన్న మొన్న పుట్టినది గాదు. ఇంగ్లండులో 1905 లో ఏర్పడిన ఆటోమొబైల్ అసోసియేషను తన మనుషులను సైకిళ్ళపై రోడ్ల వెంట త్రిప్పెడిది. పోలీసువారు వేగము కొలుచు చోట్లను సభ్యులకు ముందుగా హెచ్చరించుట మొదట వారి పని. పోను పోను చెడిన బండ్లకు సాయపడుట ముఖ్యకార్యమైనది. మన దేశమున కలకత్తాలో 1904 లోను, బొంబాయిలో 1919 లోను మోటారు యజమానుల సంఘములు పుట్టినవి. అందరును కొంత కొంత చందా వేసికొని, ఎవరికి ఆపద వచ్చిన వారికి ఆ నిధినుండి సాయము చేయుట దీనిలోని సూత్రము. చీటీలు, సహాయనిధులు తరతరములుగ నడపుకొనుచున్న మనవారికి ఈ సూత్రమును వేరుగ బోధింప నక్కరలేదు.

ఇక ప్రమాదమును గూర్చి. బండి చెడుట దానంతట అది ప్రమాదము గాదు; చెడిన బండి రోడ్డుపై నిలిచియుండుటయే ప్రమాదము. రాత్రివేళ వెనుక వచ్చు లారీ డ్రైవరునకు, నిలిచిన కారును నడచుచున్న కారును దూరమునుండి ఒక్కవలెనే కనబడును. భేదము తెలియుసరికి బ్రేకు వేయుటకు చోటు మిగులదు. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022 లో మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవి. వానిలో 1,68,491 మంది మరణించిరి. ఆగియున్న వాహనమును గుద్దుకొన్న ప్రమాదములకు ఆ లెక్కలలో ప్రత్యేకముగ ఒక పద్దే గలదు. ఇది ఎంత తరచుగ జరుగుచున్నదో దీనివలన గ్రహింపవచ్చును.

కావున బండి ఆగిన వెంటనే చేయవలసినది బానెటు ఎత్తి చూచుట గాదు. వీలైనంతవరకు బండిని ఎడమ అంచునకు చేర్పవలెను. హెచ్చరిక దీపములు వెలిగింపవలెను. డిక్కీలోని ఎర్ర త్రికోణపు పలకను వెనుక యాభై మీటర్లకు తగ్గకుండ నిలుపవలెను. పిమ్మట ముసలివారిని, పిల్లలను ఎడమవైపు తలుపునుండి దింపి, రోడ్డు అంచున నున్న ఇనుప కమ్మీ ఆవలికి చేర్పవలెను. చలిగా నున్నదని కారులోనే కూర్చుండరాదు; మాటలాడుకొనుచు కారు వెనుక నిలువనే రాదు. ఇవి యన్నియు ఐదు నిమిషముల పని. ఆ తరువాతనే ఫోను.

ఎవరికి ఫోను చేయవలెను? ఇచట వ్యాపారస్థులకు సులభముగ బోధపడు మాట ఒకటి చెప్పుదుము. మనము ఇదివరకే సొమ్ము చెల్లించిన సరకు ఒకటి గలదు. దానిని అడిగి తీసికొనుటయే లేదు. ప్రతి టోలుగేటు వద్దను ఫాస్టాగు నుండి సొమ్ము తెగుచున్నది. ఆ సొమ్ము నున్నని రోడ్డునకు మాత్రమేయని చాలమంది తలంపు. కాని టోలు వసూలగు జాతీయ రహదారిపై గస్తీ బండిని, అంబులెన్సును, క్రేనును సిద్ధముగ నుంచుట నిర్వాహకుల బాధ్యత. వారిని పిలుచుటకై జాతీయ రహదారుల సంస్థవారు 2018 నుండి 1033 అను నెంబరును నడపుచున్నారు. ఇది రేయింబవళ్ళు పనిచేయును; పిలుపునకు ఖర్చు లేదు. టోలుగేటు దగ్గరి బోర్డుపై ఆ భాగమునకు సంబంధించిన గస్తీ బండి, క్రేను, అంబులెన్సు నెంబర్లు కూడ వ్రాసియుందురు. బండి ఆగినప్పుడు ప్రక్కనున్నవారు ఆ బోర్డును ఒక ఫోటో తీసికొన్నచో పోవునదేమియు లేదు.

అయితే దీని హద్దును గుర్తెరుగవలెను. రహదారిపై అడ్డము తొలగించి, ప్రయాణీకులను క్షేమమైన చోటికి చేర్చుట వారి ముఖ్యోద్దేశము. మన బండిని మనకు నచ్చిన గ్యారేజీకి తీసికొనిపోవుటయు, చెడిన భాగమును మార్చుటయు వారి పని గాదు. జాతీయ రహదారి దిగి పల్లెదారి పట్టిన తరువాత ఈ యేర్పాటు మనవెంట రాదు. వేములవాడ పోవువారును, చుట్టాల ఊళ్ళకు పోవువారును ఎట్లును ఒకచోట పెద్ద రోడ్డు దిగవలసినవారే గదా. అందుచేత రెండవ తోడొకటి కావలెను. అది మనము కొనుక్కొనునది.

దీని విలువ ఎంతయో మా దుకాణపు అనుభవముతో చెప్పుదుము. మా సరకుబండి ఒకపర్యాయము ఉమర్గా దాటిన పిమ్మట క్లచ్చి కాలి నిలిచినది. దారిన పోవు ఒక క్రేనువాడు తానై వచ్చి, ధర చెప్పకయే గొలుసు తగిలించి, ఇరువది కిలోమీటర్లు లాగికొనిపోయి తన ఎరుకలోని గ్యారేజీలో దింపెను. అటుపిమ్మట అడిగిన పైకము విని మా డ్రైవరు నిర్ఘాంతపోయెను. చెల్లించువరకు బండిని కదలనీయలేదు. పండుగకు ముందు చేరవలసిన తువ్వాళ్ళు పండుగ వెళ్ళిన తరువాత చేరినవి. ఆ ఒక్క తడవ చెల్లించిన సొమ్ము అట్టి బండికి ఎన్నో ఏండ్ల దారి సహాయపు రుసుమునకు సరిపోవునని లెక్క చూచిన తరువాత తేలినది. అప్పటినుండి మా డ్రైవర్లందరకు ఒకే కట్టడి: గొలుసు తగులకముందే ధర, దూరము, బండి దింపు చోటు ఈ మూడును తేలవలెను, తేలిన మాట ఫోనులో సందేశముగ దుకాణమునకు రావలెను. రోడ్డుపై నిస్సహాయముగ నిలిచినవాడు బేరమాడలేడు. బేరము ఇంటివద్ద, భీమా కాగితము వ్రాయించుకొను దినముననే జరుగవలెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట మన పెద్దలు మెచ్చిన పని గాదు.

ఈ సహాయము సాధారణముగ రెండు విధముల లభించును. క్రొత్త కారు కొన్నప్పుడు తయారీదారులు కొన్నేండ్లవరకు దానిని ఇచ్చుచుందురు. గడువు తీరిన తరువాత రుసుము కట్టి పొడిగించుకొనవలెను. లేదా వాహన భీమాతో అదనపు రక్షణగ తీసికొనవచ్చును. ఎదుటివారి నష్టమునకు మాత్రమే వర్తించు తప్పనిసరి భీమాను చౌకగ తీసికొని, సర్వమును అందులోనే యున్నదని తలచువారు మనలో ననేకులు గలరు. ఆ కాగితము పోలీసువారికి చూపుటకు చాలును. నడిరోడ్డుపై చెడిన బండికి అది అక్కరకు రాదు.

కాగితము చేతికి వచ్చినప్పుడు ఐదు సంగతులు చదువుకొనుడు. ఒకటి, బండిని ఎంత దూరమువరకు ఉచితముగ లాగుకొనిపోవుదురు? రెండు, ఏడాదికి ఎన్ని తడవలు పిలువవచ్చును? మూడు, పొరుగు రాష్ట్రములలోను, పల్లెదారులలోను వర్తించునా? నాలుగు, పంక్చరు వేయుట, దిగిపోయిన బ్యాటరీకి ఊతమిచ్చుట, పెట్రోలు తెచ్చి పోయుట, లోపల చిక్కిన తాళపు చెవిని తీయుట వీనిలో ఏవేవి చేయుదురు? సాధారణముగ వారి శ్రమకే రక్షణ గలదు. పెట్రోలు, విడిభాగముల వెల మనదే. ఐదు, బండి బాగుపడువరకు ప్రయాణీకులను గమ్యమునకు చేర్చు బాధ్యత గలదా? చివరిది చంటిపిల్లలతో, ముసలివారితో పోవువారికి అన్నింటికంటె ముఖ్యము.

క్రొత్త బండ్లు గలవారు మరి రెండు సంగతులు గమనింపవలెను. ట్యూబులేని చక్రములు, గాలి ఒత్తిడి తెలుపు సాధనము, పంక్చరు సామగ్రి గల చిన్న వాహనములకు అదనపు చక్రము తప్పనిసరి గాదని 2020 లో నిబంధన మార్చిరి. కావున డిక్కీలో స్టెప్నీ ఉండుననుకొని బయలుదేరక, తెరచి చూచుకొనుడు. రెండవది, గేరు తనంతట మారు కార్లను, విద్యుత్తు కార్లను చక్రములు నేలను దొర్లుచుండగా లాగినచో యంత్రము చెడును. వానిని పూర్తిగ పైకెత్తి మోసికొనిపోవు బల్లబండినే కోరవలెను. ఫోను చేయునప్పుడే ఆ మాట చెప్పవలెను.

బండికి గాక మనిషికి దెబ్బ తగిలినప్పుడు మొదటి పిలుపు 108 నకో, 112 నకో చేయవలెను. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైనది. నేడు మన దారిలోని మూడు రాష్ట్రములలోను అదే నెంబరు పలుకును. ఐతే సరిహద్దు దగ్గర మన పిలుపు ప్రక్క రాష్ట్రపు కేంద్రమునకు పోవచ్చును. అందుచేత నోరు తెరచిన వెంటనే రాష్ట్రము పేరు, రహదారి నెంబరు, సమీపమున దాటిన ఊరు, కిలోమీటరు రాతిపై అంకె, ఏ ఊరి దిక్కుగ పోవుచున్నాము అను ఐదును చెప్పవలెను. లిపి తెలియకున్నను రాతిపై అంకెను చదువవచ్చును. దానిని గమనించుట పిల్లలకు ఆటగా నేర్పుడు.

ప్రమాదము జరిగిన తరువాతి మొదటి గంట ప్రాణము నిలుచు గంట. దానిని 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టమే ప్రత్యేకముగ గుర్తించినది. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన పథకము ప్రకారము రోడ్డు ప్రమాదమున గాయపడినవారికి, నిర్ణీతమైన ఆసుపత్రులలో, ప్రమాదము జరిగిన నాటినుండి 7 దినములవరకు, 1,50,000 రూపాయలకు మించకుండ, చేతి సొమ్ము చెల్లింప నక్కరలేని చికిత్స లభించును. ఆసుపత్రి గుమ్మము వద్ద ఈ పథకము పేరెత్తి అడుగుటకు మనవారు జంకరాదు.

అట్లే, గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినచో కేసులో చిక్కుకొందుమని మనవారికి గల భయము ఇక విడువదగినది. 2016 లో సుప్రీముకోర్టు ఆమోదించిన మార్గసూత్రములును, పిదప 2019 చట్టములోని 134ఏ సెక్షనును సాయపడినవారికి రక్షణ నిచ్చుచున్నవి. వారి పేరు, చిరునామా బలవంతముగ అడుగరాదు, ఆసుపత్రిలో నిలిపియుంచరాదు. ఆ మొదటి గంటలో గాయపడినవారిని చేర్చిన వారికి ప్రభుత్వమిచ్చు పారితోషికమును 2025 లో 25,000 రూపాయలకు పెంచిరి. పారితోషికము కొరకు సాయపడుమని మేము చెప్పము. భయము చేత సాయము మానకుడని చెప్పుచున్నాము.

ఇంతవరకు చెప్పినది ఏ ఊరివారికైనను వర్తించును. ఇక మనకు ప్రత్యేకమైన మాట. మన పిల్లలు తెలుగు మాటలాడుదురు, చాలమంది చదువలేరు. మన తల్లులలో తెలుగు తప్ప వేరొకటి ధారాళముగ పలుకలేనివారింకను గలరు. భీమా కాగితము ఇంగ్లీషున నుండును. గ్యారేజీవాని మాట ఒకచోట మరాఠీ, ఒకచోట కన్నడము. బండి నడపు కొడుకునకే దెబ్బ తగిలినచో, ప్రక్కనున్న తల్లి ఎవరితో ఏమి చెప్పుకొనగలదు? భాష రాకపోవుట ఆమె లోపము గాదు; ఆమె చేతికి ఒక కాగితమైన నీయకపోవుట మనదగు లోపము.

కావున సంఘము ముందు మూడు సూచనల నుంచుచున్నాము. మొదటిది, పైన చెప్పిన నెంబర్లును, చేయవలసిన పనులును పెద్ద అక్షరములతో తెలుగున, మరాఠీలో, కన్నడమున అచ్చువేసిన ఒక అట్ట. కుటుంబపు భీమా నెంబరు, రక్తపు వర్గము, ఇంటివారి ఫోను వ్రాసికొనుటకు దానిలో ఖాళీ నుంచవలెను. అచ్చు ఖర్చు మా దుకాణము భరించును. రెండవది, పెండ్లిండ్లకు బాడుగ బండి మాటలాడునప్పుడు బాడుగతోపాటు భీమా, దారి సహాయము, స్టెప్నీ, డ్రైవరు విశ్రాంతి గూర్చి అడుగుట ఆచారముగ చేసికొనవలెను. ముహూర్తము చూచినవారు చక్రములు కూడ చూడవలెను. మూడవది, మన దారిలోని ఊళ్ళలో రాత్రివేళ ఫోను ఎత్తి రెండు భాషల మధ్య మాట చేరవేయుటకు సమ్మతించు కుటుంబముల జాబితా. వారు డబ్బీయ నక్కరలేదు, దారికి రానక్కరలేదు, మాట చేరవేసినచో చాలును.

ఇట్టి కుటుంబములు మనకెట్లు దొరకునని అడుగవచ్చును. ముందుగా మనమే ఇచ్చి చూపవలెను. తుల్జాపురము భవానీ దర్శనమునకును, పండరిపురమునకును, అక్కల్‌కోటకును తెలంగాణమునుండి, ఆంధ్రమునుండి ఏటేట ఎందరో తెలుగు యాత్రికులు మన ఊరి మీదుగనే పోవుచున్నారు. వారికి మరాఠీ రాదు. వారి బండి మన పొలిమేరలో ఆగినప్పుడు వారు మనమున్నామని ఎరుగరు. రెండు భాషలు వచ్చుట మన బడిపిల్లలకు భారమని కొందరు వాదింతురు; నడిరోడ్డుపై నిలిచిన యాత్రికుని అడిగినచో అది ఎట్టి సంపదయో చెప్పును. మొదటి జాబితా షోలాపురముదే కావలెను. ఈ సమావేశము ముగియులోపల పది కుటుంబములు తమ ఫోను నెంబర్లను కార్యదర్శిగారి పుస్తకమున వ్రాయింతురని ఆశించుచున్నాము. మా యింటి నెంబరు మొదటి వరుసలో వ్రాసితిమి.

రాబోవునది పెండ్లిండ్ల కాలము. తమరు బయలుదేరు ప్రతి ప్రయాణమును క్షేమముగ ముగియుగాక.